మొదటి ఆదివారం బల్ల వంతు మీదైతే: శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా

ఊళ్లలోని క్రైస్తవ మందిరాల్లో ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో అందరూ పంచుకునే రొట్టె, ద్రాక్షారసం, సిద్ధం చేసే పని చాలావరకు స్త్రీల సమాజానిదే. నెలకొక ఇంటికో, ఇద్దరేసి ఆడవాళ్లకో వంతు వస్తుంది. రొట్టె, ద్రాక్షారసం, బల్ల గుడ్డ, కప్పులు, మందిరం ఊడ్చడం అన్నీ కలిపినా నాలుగైదు గంటల పని. చిక్కంతా ఆ పనిని ఆదివారం పొద్దున్నకి మిగుల్చుకోవడంలో ఉంది. అలా మిగుల్చుకున్నామె పాటలప్పుడు వంటింట్లో ఉంటుంది, వాక్యమప్పుడు కప్పుల దగ్గర ఉంటుంది, ప్రార్థనలో తల వంచినా లెక్కలు వేసుకుంటూ ఉంటుంది. ఇక్కడ చెప్పే వరసంతా ఒకే సంగతి కోసం: ఆరాధన మొదలయ్యేసరికి మీరు అందరితోపాటు చాప మీద కూర్చుని ఉండాలి.

ముందే ఒక మాట. మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో అన్ని సంఘాల పద్ధతీ ఒకటి కాదు. కెనడా బాప్టిస్టు మిషను పనిచేసిన శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, పాలకొండ లాంటి చోట్ల పాత సంఘాల్లో ఎక్కువగా నెలకోసారి, మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. బ్రదరెన్ సహవాసాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) చర్చిల్లో అప్పాలు (రొట్టె బిళ్లలు), ద్రాక్షారసం సంగతి విచారణ గురువుదే, అంటే ఆ చర్చి ఫాదరుదే. ఆడవాళ్లు పీఠం గుడ్డలు, పూలు చూసుకుంటారు. కొన్ని చోట్ల పులియని రొట్టె తప్పనిసరి, కొన్ని చోట్ల బేకరీ బ్రెడ్డు ముక్కలు కోస్తారు. మీ సంఘానికి కొత్తగా వచ్చిన కోడలైతే మీ పద్ధతి ఏమిటో పాస్టరమ్మగారిని శుక్రవారం లోపే అడగండి. పుట్టింటి సంఘంలో చూసింది ఇక్కడ చేస్తే ఆదివారం పొద్దున్న పెద్దల ముందు ఇబ్బంది పడేది మీరే.

శుక్రవారం రాత్రి

పని మొదలయ్యేది లెక్కతో. పోయిన నెల ఎంతమంది బల్ల తీసుకున్నారో సంఘం పుస్తకంలో ఉంటుంది, లేకపోతే పాస్టరుగారికి గుర్తుంటుంది. దానికి పది కలపండి. వలస వెళ్లినవాళ్లు పండక్కి, పెళ్లిళ్లకి ఊరికి వచ్చే నెలల్లో ఇరవై కలపండి. విశాఖ, హైదరాబాదు, చెన్నై నుంచి ఒక్క బస్సు దిగితే మూడు కుటుంబాలు పెరుగుతాయి.

ఒక్కొక్కరికి ఇచ్చే చిన్న కప్పు నిండా పోస్తే సుమారు 15 మిల్లీలీటర్లు పడుతుంది. నిండా పోయకూడదు. ముసలివాళ్ల చేయి వణికితే చీర మీద పడుతుంది. 10 మిల్లీలీటర్లు చాలు. అంటే ఎనభై మందికి 800, ఒలికిపోయేదానికి మరో వంద. లీటరు చేసుకుంటే తొంభై మంది దాకా ఇబ్బంది లేదు.

నల్ల ద్రాక్ష జనవరి నుంచి ఏప్రిల్ దాకా బాగా దొరుకుతుంది. మిగతా నెలల్లో నల్ల కిస్‌మిస్‌తో చేయాలి, దాన్ని శుక్రవారం రాత్రే నానబెట్టాలి. లీటరు రసానికి 350 గ్రాముల కిస్‌మిస్, లీటరున్నర మంచినీళ్లు. నానబెట్టే ముందు గోరువెచ్చటి నీళ్లలో రెండుసార్లు కడగాలి, ఎందుకంటే అంటుకోకుండా వాటికి నూనె పూస్తారు. కడగకపోతే రసం మీద తెట్టు కడుతుంది. పసుపుపచ్చ కిస్‌మిస్ వద్దు. దానికి గంధకం పొగ పెడతారు, రసం రంగు కూడా పాలిపోయి టీ నీళ్లలా ఉంటుంది. వేసవిలో నానిన గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి. ఉక్కపోత రాత్రి బయట వదిలేస్తే పొద్దున్నకి బుడగలు కడుతుంది, అంటే పులవడం మొదలైందని.

శనివారం పొద్దున్న: బట్టలు, బల్ల గుడ్డ

మిల్లుకో, పైడిభీమవరం కంపెనీలకో షిఫ్టుకు వెళ్లేవాళ్లు ఈ పనిని శుక్రవారం ఎండ ఉండగానే ముగించుకోవాలి. ఎండ లేకపోతే తెల్లబట్ట తెల్లగా ఆరదు.

ఆరాధనకి కట్టుకునే తెల్లచీర మాసిపోయినట్టు కనిపించడానికి కారణం చాలాసార్లు మురికి కాదు, జాడింపులో మిగిలిన సబ్బు. మూడు నీళ్లలో జాడించాలి. నాలుగో నీటిలో, అర బకెట్టుకి ఐదారు చుక్కల నీలం వేసి, చేత్తో బాగా కలిపి, ఆ తర్వాతే చీర ముంచాలి. చీర మీద చుక్కలు వేసి కలపబోతే మరకలు పడతాయి, ఆ మరకలు మళ్లీ రెండు ఉతుకులకు గాని పోవు. గంజి పెట్టేటట్టయితే పలచగా, గుడ్డలో వడగట్టి పెట్టాలి. వడగట్టని గంజిలో మెతుకు పొరలు ఉండిపోయి ఇస్త్రీపెట్టెకి అంటి మాడతాయి. వానాకాలంలో గంజి మానేయండి. తడి పూర్తిగా ఆరక ముందే మడత పెడితే నల్ల బూజు చుక్కలు వస్తాయి, అవి పోవు.

బల్ల గుడ్డ వేరుగా ఉతకాలి, ఇంట్లో బట్టలతో కలపకూడదు. భక్తి మాట పక్కన పెట్టినా, లుంగీ రంగు అంటితే సంఘం మొత్తానికి కనిపిస్తుంది. కొత్త గుడ్డ కొనాల్సి వస్తే మన దగ్గరున్న పొందూరు ఖద్దరును మించింది లేదు. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి నేస్తారు. సన్నగా ఉంటుంది, మడత బాగా నిలుస్తుంది, ఉతికే కొద్దీ తెల్లబడుతుంది. ధర ఎక్కువే. స్త్రీల సమాజం డబ్బులో అది దుబారా కాదు, సరిగ్గా వాడితే ఏళ్లు వస్తుంది. ఐదడుగుల బల్లకి రెండుంపావు మీటర్లు తీసుకుంటే రెండు చివర్లా అడుగు చొప్పున వేలాడుతుంది. కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. మొదటి ఉతుకుకి కుంచించుకుపోయే గుణం ఉంది. కుట్టాక కుంచించుకుంటే అంచు వంకర తిరుగుతుంది.

ద్రాక్షరసం మరక పడితే వెంటనే సబ్బు రాసేవాళ్లే ఎక్కువ, పాడయ్యేదీ అక్కడే. సబ్బులోని క్షారం తగిలితే ఎర్ర మరక నీలంగా మారి నిలిచిపోతుంది. ముందు గుడ్డ వెనక నుంచి చల్లటి నీళ్లు ధారగా పోయాలి. తర్వాత ఉప్పు, నిమ్మరసం కలిపి రుద్ది పావుగంట వదలాలి, జాడించాలి. మరక పోయిందనుకున్నాకే సబ్బు.

శనివారం మధ్యాహ్నం: రసం

స్టీలు గిన్నె తీసుకోండి. అల్యూమినియం గిన్నెకి పులుపు తగిలితే రసానికి లోహం రుచి వస్తుంది.

ద్రాక్షతో అయితే లీటరు రసానికి కిలోన్నర పండ్లు. ఉప్పు వేసిన నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగి, తొడిమలన్నీ తీసేయాలి. తొడిమ మిగిలితే వగరు. గ్లాసు నీళ్లు పోసి సన్నమంట మీద పావుగంట పెడితే తొక్కలు పగులుతాయి. అప్పుడు పప్పుగుత్తితో మెల్లగా మెదపాలి. మిక్సీ వేయకూడదు: గింజలు నలిగి చేదు వస్తుంది, రసం కూడా చిక్కటి పచ్చడిలా తయారవుతుంది. పలచటి గుడ్డలో పోసి దానంతట అది కారనివ్వండి. తొందరపడి పిండితే మడ్డి దిగి కప్పు అడుగున కనిపిస్తుంది. కారిన రసాన్ని మళ్లీ ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

కిస్‌మిస్ అయితే నానిన నీటితోనే ఇరవై నిమిషాలు ఉడికించి అలాగే వడగట్టడమే. రసం లీటరు కంటే తగ్గితే కాచి చల్లార్చిన నీళ్లు కలపవచ్చు. చక్కెర అక్కర్లేదు, రెండింటిలోనూ పండు తీపి చాలు.

ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే రసం శనివారం రాత్రి తొమ్మిదికి కాచండి, అంతకు ముందు కాదు. పొద్దున్న మూత తీసినప్పుడు బుస్సుమంటే, పుల్లటి వాసన వస్తే అది పనికిరాదు. అలాంటి రోజుకోసం స్క్వాషు సీసా ఒకటి మందిరం బీరువాలో ఉంచుకోవడం మంచిది, సీసా మీద రాసినంత నీళ్లు కలిపి వాడుకోవచ్చు. రంగుపొడి కలిపిన నీళ్లు మాత్రం వద్దు. చాలామంది సర్దుకుపోతారు గానీ, నెలకొకసారి వచ్చే బల్లకి అది తగదు.

రొట్టె

ఎనభై మందికి 150 గ్రాముల పిండి సరిపోతుంది. నమ్మలేక అరకిలో కలిపేవాళ్లు ఉంటారు, మిగిలింది ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడతారు. సగం గోధుమపిండి, సగం మైదా, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నూనె, కొద్దికొద్దిగా వేడినీళ్లు. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు చాలు. వేసవి మధ్యాహ్నం రెండు మూడు గంటలు వదిలేస్తే పిండి తనంతట తానే పులుస్తుంది, పులియని రొట్టె అన్న మాటే పోతుంది.

రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందంగా ఒత్తాలి. పలచగా ఒత్తితే అప్పడంలా విరిగి పొడి రాలుతుంది, మందంగా ఒత్తితే లోపల పచ్చి ఉంటుంది. పెనం మీద వేసే ముందు రెండు పనులు. ఫోర్కుతో అంతా పొడవాలి, లేకపోతే పూరీలా పొంగి తర్వాత చదరంగా కోయడం కుదరదు. కత్తితో వేలి గోరంత చదరాలు గీతలు గీయాలి. పూర్తిగా తెగకూడదు, గాటు పడితే చాలు. ఒక రొట్టెని మాత్రం గీతలు లేకుండా వదిలేయండి, పాస్టరుగారు అందరి ముందు పట్టుకుని విరిచేది అదే. ఈ సంగతి మరిచి అన్నీ ముక్కలు చేసి తెచ్చేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు.

సన్నమంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. మచ్చలు పడక ముందే తిప్పాలి. దోసెల పెనం వద్దు, ఎంత కడిగినా ఉల్లిపాయ వాసన వస్తుంది. పూర్తిగా చల్లారాకే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాలి. వేడిగా చుడితే చెమట పట్టి మెత్తబడుతుంది, రెండో రోజుకి బూజు కూడా. గీతల వెంట ముక్కలు విరిచేది ఆదివారం పొద్దున్నే.

శనివారం సాయంత్రం: మందిరం

ఎండ తగ్గాక వెళ్లండి. పై నుంచి కిందికి: ముందు బూజుకర్ర, తర్వాత ఫ్యాను రెక్కలు, కిటికీలు, చివరికి నేల. నేల ముందు ఊడ్చేసి తర్వాత బూజు దులిపి, మళ్లీ ఊడ్చుకునేవాళ్లు ఎందరో. ఫినాయిలు బకెట్టుకి ఒక మూత చాలు, అది కూడా శనివారం రాత్రే. ఆదివారం పొద్దున్న తుడిస్తే ఆ వాసనకి చంటిపిల్లలు, ఉబ్బసం ఉన్న ముసలమ్మలు దగ్గుతూ ఉంటారు. జంపఖానాలు బయట దులపాలి. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పదికి మించి పేర్చకండి. పిల్లలు ఎక్కి ఊపుతారు.

పూలు పెడితే కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేయాలి. మునిగిన ఆకు కుళ్లి ఆదివారానికే నీళ్లు వాసన కొడతాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వార్త ఉంటే బైబిళ్లు, రిజిస్టర్లు, పాటల పుస్తకాలు పై అరలోకి ఎక్కించి ప్లాస్టిక్ సంచిలో కట్టి రావాలి. కరెంటు సంగతి చెప్పలేం కాబట్టి కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ఎక్కడున్నాయో చూసుకోండి.

సండే స్కూలు పిల్లలకి శనగలు పెట్టే వారమైతే, పాతికమందికి కిలో శనగలు పడుకునే ముందు నానబెట్టండి. వంట సోడా వేస్తే మెత్తని ముద్దవుతాయి. మానేసి ఐదు విజిల్స్ రానిస్తే సరి.

పిడికెడు బియ్యం, కానుక

పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం కానుకగా వేరే డబ్బాలో వేసే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. పిడికిలికి 45 గ్రాముల లెక్కన రెండు పూటలా వేస్తే వారానికి 600 గ్రాములు దాటుతుంది. నెలకి రెండున్నర కిలోల పైమాటే. డబ్బాలో నాలుగు ఎండు వేపాకులు వేయండి, లేకపోతే నెలాఖరుకి పురుగు పడుతుంది. ఇంట్లో మంచి బియ్యం వాడుకుని కానుకకి కోటా బియ్యం వేయడం ఎవరూ అనరు గానీ అందరికీ తెలుస్తుంది. రెండు రకాలు ఒకే డబ్బాలో కలిపితే మాత్రం అన్నం సరిగా ఉడకదు, కానుక బియ్యం వేలం వేసినప్పుడు ధర కూడా రాదు.

కానుక శనివారం రాత్రే కవరులో పెట్టి బైబిల్లో ఉంచుకోండి. పిల్లలకి పది రూపాయల నోట్లు విడిగా. ఆదివారం పొద్దున్న చిల్లర కోసం కిరాణా కొట్టుకి పరుగెత్తే పని ఉండదు.

ఆదివారం పొద్దున్న

ఇంట్లో టిఫిను పెద్దది పెట్టుకోకండి. చోడి అంబలి, తరవాణి అన్నం, ఉల్లిపాయ చాలు, లేదా ఉప్మా. బల్ల తీసుకునే దాకా ఏమీ తినకూడదని కొందరు పాటిస్తారు. అది వాళ్ల నిష్ఠ. షుగరు మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో రావద్దు, పదకొండు గంటలకి కళ్లు తిరిగి పడిపోతారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలోనే, ఆకలి వేసినవాళ్లు ఇంటి దగ్గర తిని రావాలని ఉంది.

మధ్యాహ్నం కోడికూర సంగతి. చాలా ఇళ్లలో ఆదివారం మనసు సగం అక్కడే ఉంటుంది. ఫ్రిజ్ ఉంటే ఏడింటికి తెచ్చి, కడిగి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి లోపల పెట్టి వెళ్లండి, వచ్చాక ముప్పావుగంటలో కూర అవుతుంది. ఫ్రిజ్ లేకపోతే రెండే దారులు: వెళ్లే ముందు పూర్తిగా వండేయడం, లేదా వచ్చేటప్పుడు కొనుక్కోవడం. సగం ఉడికించి మూతపెట్టి నాలుగైదు గంటలు వదలడం అన్నిటికంటే చెడ్డది, లోపల వెచ్చగా ఉండి అక్కడే పాడవుతుంది. బల్ల వంతు ఉన్న ఆదివారం గుడ్ల పులుసుతోనో పప్పుచారు, ఎండుచేపలతోనో సరిపెట్టుకోమని మా సలహా. ఇంటాయన ఒక్క వారం ఓర్చుకుంటారు. బయల్దేరే ముందు గ్యాసు రెగ్యులేటరు కట్టేయండి.

మందిరానికి గంట ముందు చేరండి. కప్పులు ఇంట్లో నింపి బండి మీద తెస్తే గతుకుల రోడ్డుకి సగం ట్రేలోనే ఉంటుంది. శనివారం రాత్రే నింపితే చీమలు, బల్లులు. అక్కడే, ఆరాధనకి ముప్పావుగంట ముందు నింపాలి. మూతి సన్నగా ఉన్న చిన్న కెటిల్ గానీ, మందుల షాపులో సూది లేకుండా కొన్న 20 మిల్లీలీటర్ల కొత్త సిరంజి గానీ వాడితే అన్ని కప్పులకీ సమానంగా పడుతుంది. ఒక్క సిరంజికి రెండు కప్పులు. ట్రే నింపాక తెల్లగుడ్డ కప్పండి, ఫ్యాను గాలికి ఎగరకుండా అంచున రెండు చెంచాలు. పది కప్పులు ఖాళీగా, పావు సీసా రసం బల్ల కింద సిద్ధంగా ఉండాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం. ఇక వెళ్లి చాప మీద కూర్చోండి, మధ్యలో లేవకండి. ఎవరైనా పెద్దాయన "అమ్మా, సరిపోతాయా?" అని సైగ చేస్తే తల ఊపండి, చాలు.

తల మీద ముసుగు సంగతి ఒకటి. పట్టుచీర కొంగు తల మీద నిలవదు, పది నిమిషాలకోసారి సర్దుకోవాలి. నూలు చీరో, లేదా లోపల జడ దగ్గర చిన్న పిన్నో పెట్టుకుంటే రెండు చేతులూ పాటల పుస్తకానికి ఖాళీగా ఉంటాయి. వేరే సంఘానికి వెళ్తే తలలో పూలు, నగలు అక్కడ పెట్టుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

ఆశీర్వాదం అయ్యాక

ఇంటికి పరుగెత్తే ముందు కప్పులు. రసం ఎండితే జిగురుగా పట్టి, మరుసటి నెల బీరువా తెరిచేసరికి చీమల పుట్ట. ముందు మామూలు నీళ్లలో ముంచి తీయాలి, ఆ తర్వాత లీటరు వేడినీళ్లకి చెంచా వంట సోడా వేసి కడగాలి. సబ్బు వాసన పట్టిన కప్పులో రసం రుచి మారుతుంది, అందుకే సోడా. బోర్లించి ఆరబెట్టి, పూర్తిగా ఆరాకే ట్రేలో పెట్టండి. మిగిలిన రొట్టె, రసం ఏం చేయాలో సంఘాన్ని బట్టి ఉంటుంది. పాస్టరుగారిని ముందే అడిగి అలాగే చేయండి, పారబోసే నిర్ణయం మీరు తీసుకోవద్దు.

కానుక లెక్కకి మిమ్మల్ని పిలిస్తే ఒక్కరే కూర్చోకండి. వేర్వేరు ఇళ్లవాళ్లు ఇద్దరు, అందరికీ కనిపించే చోట, నోట్లు వేరు చిల్లర వేరు చేసి, అక్కడికక్కడే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. స్త్రీల సమాజం డబ్బు, సండే స్కూలు డబ్బు వేరే వరసల్లో. "ఇంటికెళ్లి లెక్కపెడతాను" అన్న మాటతోనే సంఘాల్లో సగం గొడవలు మొదలవుతాయి.

సాయంత్రం గృహ కూడిక మీ ఇంట్లో పడితే ఇరవైమందికి లీటరు పాలు, లీటరు నీళ్లు, 50 గ్రాముల టీపొడి, 150 గ్రాముల పంచదార. పంచదార వేసే ముందే ఐదారు కప్పులు తీసి పక్కన పెట్టండి, షుగరు ఉన్నవాళ్లు మొహమాటంతో తాగేస్తారు, అడగరు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లని చూడ్డానికి వెళ్తే ఇద్దరే వెళ్లండి. పక్క మంచం పేషెంటు నిద్రపోతూ ఉండవచ్చు కాబట్టి పాట వద్దు, చిన్న ప్రార్థన, అంతే. మంచం పట్టి మందిరానికి రాలేనివాళ్లకి పాస్టరుగారు బల్ల తీసుకెళ్తారు. వాళ్లకోసం రెండు ముక్కలు, మూత గట్టిగా ఉన్న చిన్న సీసాలో రసం పొద్దున్నే విడిగా తీసి ఉంచాలి.

రాత్రికి బల్ల గుడ్డ నానబెట్టండి. సోమవారం ఉతికి, ఆరాక, వచ్చే నెల వంతు ఎవరిదో వాళ్లింట్లో ఇచ్చేయండి. గుడ్డతోపాటు ఒక చీటీ: ఈ నెల ఎంతమంది తీసుకున్నారు, రసం ఎంత మిగిలింది, కప్పులు ఎన్ని పగిలాయి, స్క్వాషు సీసా గడువు ఎప్పుడు తీరుతుంది.